విజిటింగ్ కార్డు చెప్పని సంగతి

మా పత్రికకు కథలు పంపే సహోద్యోగ మిత్రులలో పలువురు కథానాయకుణ్ణి ఒకే తీరున ప్రవేశపెడుతున్నారు. ఆయన గదిలోకి వస్తాడు. విజిటింగ్ కార్డు అందిస్తాడు. పేరు, హోదా, చిరునామా పాఠకునికి తెలిసిపోతాయి. సులభమైన మార్గమే. అయితే అంతమాత్రాన పాత్ర పరిచయమైనట్లేనా అన్నది మా సందేహం.

కార్డును చక్కగా వాడుకున్న రచయితలు లేకపోలేదు. ఆర్థర్ కానన్ డాయిల్ 1904లో ప్రకటించిన ఒక షెర్లాక్ హోమ్స్ కథలో చార్లెస్ ఆగస్టస్ మిల్వర్టన్ అనే వ్యక్తి కంటే ముందు అతని కార్డు కనిపిస్తుంది. దానిపై పేరు, చిరునామా, 'ఏజెంట్' అన్న ఒక్క మాట. ఇతరుల రహస్య లేఖలను చేజిక్కించుకొని, వారిని బెదిరించి ధనం గుంజడమే అతని వృత్తి అని హోమ్స్ వల్ల మనకు తెలుస్తుంది. ఆ చిన్న మాటకూ ఈ నిజానికీ నడుమనున్న దూరమే కథకు ప్రాణం.

మన సాహిత్యానికీ ఇది కొత్త కాదు. కావ్యావతారికలో కృతిపతి వంశాన్ని, బిరుదులను, గుణగణాలను కీర్తించి, షష్ఠ్యంతాలతో కృతిని సమర్పించడం మన సంప్రదాయం. ఆనాటి విజిటింగ్ కార్డు అదేననవచ్చు. మేమున్న ఈ పుదుచ్చేరిలోనే అటువంటి ఉదాహరణ ఉన్నది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద ప్రధాన దుబాసీగా ఉన్న ఆనంద రంగపిళ్లై పేర కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అనే తెలుగు ఛందోగ్రంథాన్ని రచించారు. 'రాట్' అనగా రాజు. దుబాసీగారు ఆ పేరులో రాజైనారు. అదే పిళ్లైగారు 1736 మొదలుకొని తమిళంలో రాసుకున్న దినచర్య తెరిస్తే, సరుకుల బేరాలు, ప్రత్యర్థుల ఎత్తుగడలు, దొరల కోపతాపాల నడుమ మెలిగిన మనిషి కనిపిస్తారు. గ్రంథనామం హోదాను చాటింది. దినచర్య మనిషిని చూపింది.

గురజాడవారి గిరీశానికి కార్డుతోనే పనిలేదు. నాలుకే ఆయన కార్డు. సంస్కర్తనని ఆయన చెప్పుకుంటాడు. నడత వేరొకటి చెబుతుంది. అందుకే 'కన్యాశుల్కం' తొలి ముద్రణ 1897లో వెలువడినా, ఆయన నేటికీ మనకు చిరపరిచితుడే.

ఈ చర్చ కథలకే పరిమితం కాదు. ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసే మనమందరం పేరుకు వెన్నంటి హోదాను చెప్పుకోవడానికి అలవాటుపడినవారమే. పదవీ విరమణ మరునాడు, సొరుగులో మిగిలిన కార్డుల కట్ట ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు. ఆ ఉదయం ఎవరో కొత్తవారు "తమరెవరండీ?" అని అడిగితే ఏమని బదులు చెబుతాము? ఆ ప్రశ్నకు ఒక్క క్షణం తడబడే మనిషి మా దృష్టిలో గొప్ప కథానాయకుడు.

కనుక మిత్రులారా, మీ నాయకుని చేత కార్డు ఇప్పించండి, తప్పులేదు. ఆ వెంటనే, కార్డులో లేని ఒక పని కూడా అతని చేత చేయించండి. అటువంటి కథలకై ఎదురుచూస్తుంటాము.