పసికందు నిద్రలో గురగుర

కాన్పయి వారం తిరగకముందే, బిడ్డ నిద్రలో గురగురమంటున్నదని తల్లులు కలవరపడటం మేము తరచూ చూస్తుంటాము. నవజాత శిశువు శ్వాస ప్రధానంగా ముక్కుతోనే. ఆ దారి ఎంతో ఇరుకు. కాస్త చీమిడి చేరినా చప్పుడవుతుంది. పది సెకన్లలోపు ఊపిరి ఆగి మళ్లీ సాగడమూ సహజమే.

చప్పుడు కన్నా ఛాతీని గమనించమని మా మనవి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా తొలగించి, నిండు నిమిషం శ్వాసలు లెక్కించండి. మళ్లీ లెక్కించినా 60కి మించితే, డొక్కలు లోపలికి లాగుతుంటే, ప్రతి శ్వాసకూ మూలుగుతుంటే, పాలు త్రాగలేకపోతే తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పెదవులు, నాలుక నీలిబారినా, ఊపిరి పది సెకన్లు దాటి ఆగినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

దాదీమాలు నొచ్చుకున్నా సరే, స్నానం వేళ ముక్కులో నూనె చుక్కలు వేయనివ్వకండి. అవి ఊపిరితిత్తులలోకి దిగితే న్యుమోనియా రావచ్చు.