పాత బండి గొప్పదా? కొత్త బండి గొప్పదా?



గత ఏడాది మన పూర్వ విద్యార్థుల సమావేశంలో భోజనాల దగ్గర ఒక వాదన లేచింది. నా బ్యాచ్ వాడొకడు పాత యమహా ఆరెక్స్ 100కి రంగు వేయించి, తళతళ మెరిపించుకుంటూ వచ్చాడు. దాని పక్కనే ఒక కుర్రాడు కొత్త ఆర్15 ఆపాడు. "బండంటే ఇదిరా! ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్ బొమ్మలు" అన్నాడు మావాడు. "దానికి డిస్కు బ్రేకు కూడా లేదన్నా" అన్నాడు కుర్రాడు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. టూవీలర్ మెకానిక్‌ని కాబట్టి తీర్పు నేనే చెప్పాలట. ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఈ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగినప్పుడు, ఆ బాకీ తీర్చేద్దామనిపించింది.

ఈ వాదన మనకొక్కరికే లేదు. విదేశాల్లో సామాన్యుడికి అందుబాటు ధరలో దొరికే స్పోర్ట్స్ కార్ల మీద కూడా ఇదే తగువు. 1989లో మాజ్డా కంపెనీ ఎమ్ఎక్స్-5 అనే చిన్న రెండు సీట్ల కారు తెచ్చింది. బరువు టన్నుకు లోపే. ఆ తర్వాత వచ్చిన కార్లు ఏటేటా బరువెక్కాయని, నడిపే ఆనందం తగ్గిందని అక్కడి పెద్దవాళ్లు అంటారు. అదే కారు నాలుగో తరం 2015లో వచ్చినప్పుడు మళ్లీ టన్ను దగ్గరికే దించారు. మన ఊళ్లలో స్పోర్ట్స్ కారు ఎవరు చూశారు? మన కుర్రాళ్ల స్పోర్ట్స్ కారు ఎప్పుడూ రెండు చక్రాల మీదే ఉంది. కాబట్టి మన బండ్ల గురించే మాట్లాడుకుందాం.

నేను ఈ హాస్టల్లో ఉన్నది 1992 నుంచి 1997 వరకు. అప్పటి మా వార్డెన్ సార్‌కి ఆరెక్స్ 100 ఉండేది. ఆయన రావడం కంటే ముందు ఆ శబ్దం వచ్చేది. కాలవ గట్టు మలుపు దగ్గర "ట్రింగ్ ట్రింగ్" మని వినపడగానే పేకలు ట్రంకు పెట్టెల్లోకి, పుస్తకాలు ఒళ్లోకి. గేటు దాటేసరికి హాస్టలంతా ఎక్కాలు వల్లె వేస్తుండేది. ఆ శబ్దం వింటే ఇప్పటికీ నా చెయ్యి తెలియకుండానే పుస్తకం కోసం వెతుకుతుంది. కాబట్టి ఆ బండంటే నాకు ప్రేమ లేదని ఎవరూ అనుకోవద్దు. కానీ ప్రేమ వేరు, లెక్క వేరు.

లెక్క చూద్దాం. ఆరెక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. 98 సీసీ టూస్ట్రోక్ ఇంజను, సుమారు 11 హార్స్‌పవర్, బరువు 103 కిలోల చుట్టూ. నడిపేవాడు 65 కిలోలు అనుకుంటే ఒక్కో హార్స్‌పవర్ మోయాల్సింది 15 కిలోలు. నేటి ఆర్15కి 155 సీసీ ఇంజను, 18 హార్స్‌పవర్, బరువు 142 కిలోల దాకా. అదే మనిషి ఎక్కితే ఒక్కో హార్స్‌పవర్‌కి పదకొండున్నర కిలోలే. అంటే కొత్త బండి బరువెక్కినా, దాని బలం అంతకంటే ఎక్కువ పెరిగింది. గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుంది, మలుపులో ఎంత నిలకడగా ఉంటుంది, ఎంత దూరంలో ఆగుతుంది, ఏది చూసినా కొత్తదే ముందు.

మరి పాత బండే వేగమని మనవాళ్లకు ఎందుకనిపిస్తుంది? దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది ఇంజను తీరు. టూస్ట్రోక్‌లో క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒక పేలుడు. అందుకే యాక్సిలేటర్ తిప్పగానే పాత బండి గుంజుకుపోయేది. రెండోది, మనం దాన్ని దేనితో పోల్చాం? అప్పటి స్కూటర్లతో, మైలేజీ బండ్లతో. ఇప్పుడు కూడా మావాడు దాన్ని పోల్చేది ఇప్పటి 100 సీసీ బండ్లతో. అవి 8 హార్స్‌పవర్‌తో, పెట్రోలు పొదుపు కోసం చేసినవి. 100 సీసీ అనే ముద్ర ఒకటే గానీ పని వేరు. పరుగు పందెం వాడిని పరుగు పందెం వాడితోనే పోల్చాలి గదా! మూడోది, అప్పుడు మనకు పదిహేనేళ్లు. పదిహేనేళ్ల వయసులో అన్నీ వేగమే.

ఇంకో సంగతి. జ్ఞాపకం మంచినే దాచుకుంటుంది. ఇవాళ లక్షలు పోసి కొంటున్న రాజ్‌దూత్ 350 సంగతే చూడండి. 1983లో వచ్చింది. పెట్రోలు తాగుతుందని, విడిభాగాలు ఖరీదని అప్పట్లో కొన్నవాళ్లే తక్కువ. ఆ దశాబ్దం చివరికే దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడది మహారాజు. బతికున్నప్పుడు అన్నం పెట్టని వాళ్లే పోయాక తద్దినం ఘనంగా పెట్టినట్టుంది మన వ్యవహారం.

టూస్ట్రోక్ బండ్లను ఎవరో కక్షగట్టి ఆపేశారని కొందరంటారు. అదీ నిజం కాదు. ఆ ఇంజన్లో ఆయిల్ కూడా పెట్రోలుతో పాటే కాలుతుంది. పైగా మండని పెట్రోలు కొంత సైలెన్సర్‌లోంచి అలాగే బయటికి పోతుంది. ఆ నీలిపొగ వెనక సైకిల్ తొక్కినవాడికి తెలుసు దాని రుచి. 1996లో, మళ్లీ 2000లో పొగ నిబంధనలు గట్టిపడే కొద్దీ ఫోర్‌స్ట్రోక్ బండ్లకు దారి వచ్చింది. 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్, 2008లో మొదటి ఆర్15 వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. పెట్రోలు ఎంత పడాలో ఇప్పుడు కంప్యూటరే కొలిచి పోస్తుంది.

ఇక బ్రేకుల మాట. ఇక్కడ నా కాలు సాక్షి. 2011లో ఒక వాన సాయంత్రం రిపేరుకి వచ్చిన పాత బండిని ట్రయలు చూద్దామని రోడ్డెక్కాను. దాని పేరు అనవసరం. రెండు పక్కలా డ్రమ్ బ్రేకులే, షూలు అరిగి ఉన్నాయి. అవి మార్చకుండా తీసింది నేనే, తప్పు నాదే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 17 మీటర్లు. ముందు పోతున్న ట్రాక్టరు ఆగింది. నేను ఆగలేదు. కాల్లో రాడ్డు పడింది, మూడు నెలలు షెడ్డు మూతపడింది. ఇప్పటికీ చలికాలంలో కుంటుతాను. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఇది మన ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నదే. నేను పరీక్షలో రాశాను, రోడ్డు మీద మరిచిపోయాను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోయి జారకుండా అది చూస్తుంది. దీన్ని ప్లాస్టిక్ బొమ్మ అనడానికి నాకు నోరు రాదు.

అన్నిటికంటే పెద్ద మాట ఒకటి చెప్పాలి. మా బ్యాచ్‌లో డెబ్బై మందిమి ఉండేవాళ్లం. మాలో ఏ ఒక్కడి నాన్నకూ ఆరెక్స్ 100 లేదు. చాలామందికి సైకిలే లేదు. ఆ బండి మీద వెళ్లేవాళ్లను మేం రోడ్డు పక్కన నిలబడి చూశాం. మరి ఎవరి రోజులు గొప్ప రోజులు? మనది కాని బండి మీద మనకింత బెంగ దేనికి? ఇవాళ కూలి పనికి పోయే ఇంట్లో కూడా వాయిదాల మీద కొన్న బండి ఒకటుంటోంది. అమ్మకు జ్వరమొస్తే అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకుపోతున్నాం. "మా రోజుల్లో" అనే ముందు, ఆ రోజుల్లో మనం ఎక్కడ నిలబడ్డామో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. ఇది బండికే కాదు, చాలా వాటికి వర్తిస్తుంది.

ఇంతదాకా చదివి, తీర్పు కొత్త బండికే ఇచ్చాననుకుంటున్నారా? ఆగండి. ఒక్క విషయంలో పాత బండికి కొత్తది సాటి రాదు. అది పేదవాడి కుర్రాడికి చదువు చెప్పింది.

ఒక ఆదివారం సార్ బండి స్టార్టు కాలేదు. నేను పక్కనే గుడ్లప్పగించి నిలబడి ఉంటే, "ఏరా, ప్లగ్గు విప్పుతావా?" అన్నారు సార్. స్పానర్ చేతికిచ్చారు. విప్పాను. మసి పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాను. రెండో కిక్కుకే బండి మోగింది. ఆ క్షణంలో నాకు నా దారి కనపడింది. తర్వాత కార్బొరేటర్ విప్పడం, సైలెన్సర్ కాల్చి కరుడు తీయడం అన్నీ ఆ చెట్టు కిందే నేర్చాను. పదో తరగతి పాసై ఐటీఐలో మోటార్ మెకానిక్‌లో చేరాను. విజయవాడ ఆటోనగర్‌లో నాలుగేళ్లు పనిచేసి, నాలుగు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరుతో సొంత షెడ్డు పెట్టాను. పెట్టుబడి అంతే. నా ఇద్దరు పిల్లల చదువు ఆ స్పానర్ల మీదే నడిచింది.

ఇప్పటి బండి అలా తలుపు తీయదు. ఇంధనం ఇంజెక్షన్‌తో, మంట సెన్సర్లతో. మీటర్ మీద పసుపు దీపం వెలిగితే స్కానర్ తగిలించాలి. చాలా బండ్లకు కిక్కు రాడ్డే లేదు. చెట్టు కింద నిలబడిన కుర్రాడు చూడగలడు గానీ చెయ్యి పెట్టలేడు. మూడేళ్ల కిందట నా దగ్గరకొచ్చిన ఒక బండికి ఏం జబ్బో తెలియక తిప్పి పంపాను. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాడిని, ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పుడు రెండు దారులు కనిపించాయి. కొత్త బండిని తిడుతూ కూర్చోవడం ఒకటి, నేర్చుకోవడం ఇంకొకటి. నలభై దాటిన వయసులో స్కానర్ కొని, ఇరవై రెండేళ్ల కుర్రాడి దగ్గర పాఠం చెప్పించుకున్నాను. సిగ్గుపడలేదు. ప్లగ్గు విప్పిన రోజు ఎంత సంతోషమేసిందో, మొదటి సెన్సర్ మార్చి పసుపు దీపం ఆర్పిన రోజూ అంతే సంతోషమేసింది.

కాబట్టి నా తీర్పు ఇది. నడపడానికి కొత్త బండి మేలు. నేర్చుకోవడానికి పాత బండి మేలు. తప్పు కొత్త బండిది కాదు. దాని తలుపు తాళం మన పిల్లల చేతికి ఇంకా ఇవ్వని మనది.

అందుకే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మెరిసే పాత బండి కొనడానికి లక్ష ఖర్చు పెట్టగలిగిన మనం, తలా కొంత వేసుకుంటే హాస్టల్‌కి ఒక పాత ఇంజను, ఒక ఇంజెక్షన్ ఇంజను, ఒక మామూలు స్కానర్ సమకూర్చగలం. రెండు ఇంజన్లూ నా షెడ్డులోంచి నేను తెస్తాను. నెలకు ఒక ఆదివారం వస్తాను. ఆ చెట్టు ఇంకా ఉంది. దాని కిందే విప్పి చూపిస్తాను.

తమ్ముళ్లకు ఒక్క మాట. పాత బండైనా కొత్త బండైనా హెల్మెట్ పెట్టుకోండి. సైలెన్సర్ కోయించకండి. శబ్దం ఎక్కువైతే వేగం పెరగదు. ఈసారి స్పానర్ మీ చేతికిస్తాను, పుచ్చుకోవడానికి సిద్ధంగా ఉండండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ సీనియర్, 1997 పదో తరగతి బ్యాచ్