ఎవరి పాపం?



మన పల్లెల్లో ఒక బిడ్డ ఏదైనా లోపంతో పుడితే మొదట వేలు తల్లివైపే చూపుతారు. గ్రహణం వేళ కత్తి పట్టిందంటారు, కోడలి అడుగు మంచిది కాదంటారు. సంఘంలో సైతం "ఏ పాపమో" అని గుసగుసలాడేవారున్నారు. పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును అడిగినదీ ఇదే గదా! ఆ పాపం వానిది కాదు, కన్నవారిదీ కాదని ప్రభువు తేల్చివేశారు (యోహాను 9వ అధ్యాయం).

హైదరాబాదు తూర్పున ఉప్పల్‌లో సి.డి.ఎఫ్.డి. అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉన్నది. పూర్వం నాచారంలో ఉండేది. డి.ఎన్.ఎ. పరీక్షతో నేరస్థులను గుర్తించే సంస్థగా దీని పేరు మీరు వినే ఉంటారు. పుట్టుకతో వచ్చే జబ్బులకు కారణం కనుగొనడం దీని మరొక పని.

తలసేమియా సంగతి చూడండి. రక్తం సరిగా తయారు కాని జబ్బు ఇది. ప్రతి బిడ్డకూ తల్లినుండి ఒక జన్యువు, తండ్రినుండి ఒక జన్యువు వస్తాయి. ఒక్కదానిలోనే లోపముంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. దంపతులిద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇందులో తండ్రి వంతు, తల్లి వంతు సమానమే. మేనరికాల్లో ఒకే పూర్వికుని లోపం ఇరువైపులనుండి వచ్చి కలిసే ప్రమాదం ఎక్కువ. ఈ లోపం దాగి ఉన్నదీ లేనిదీ పెండ్లికి ముందే రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు.

ఇదే సంస్థలో డాక్టర్ జె. నాగరాజు పట్టుపురుగులపై పరిశోధించారు. గ్రాసరీ రోగం హిందూపురం వైపు పట్టు రైతులకు తెలిసినదే. పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, పాలవంటి ద్రవం కారి చస్తుంది. కారణం ఒక వైరస్. దానిని తట్టుకునే పురుగులను ఆయన బృందం ప్రయోగశాలలో రూపొందించింది. ఆయన 2012లో మరణించగా, ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రైతు తన పురుగులను చూచి ఇవి ఏ పాపం చేశాయని అడగడు. చచ్చినవాటిని ఏరివేసి, షెడ్డు శుభ్రం చేస్తాడు. పురుగుకు చూపే న్యాయం ఇంటి కోడలికి చూపలేమా?

మరి ఎందుకు నిందిస్తాం? అమెరికాలో మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. ఒక యువతి కరెంటు షాకులకు బాధపడుతున్నట్లు విద్యార్థినులకు చూపించారు. నిజానికి అది నటన. ఆమెకు సహాయం చేసే వీలు లేక చూస్తూ కూర్చున్నవారు క్రమంగా ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. ఆమె బాధ తొలగించే వీలున్నవారు అంతగా తక్కువ చేయలేదు. లోకం న్యాయంగానే నడుస్తున్నదని నమ్మాలనే కోరిక అమాయకులమీద నింద మోపుతుందని ఆయన వివరించారు.

ప్రియులారా, చేయి చాచినవాడు వేలు చూపడు. అటువంటి బిడ్డ ఉన్న ఇల్లు మీ వీధిలో ఉంటే ఈ ఆదివారం ఆరాధన తరువాత అక్కడికి వెళ్లండి. కారణాలు అడగవద్దు. తల్లి ఆస్పత్రికి వెళ్లిన రోజున మిగిలిన పిల్లలకు అన్నం పెట్టండి. తోడుగా బస్సెక్కండి. ప్రభువు ఆ గుడ్డివానిని గూర్చి వాదించి ఊరుకోలేదు, వాని కన్నులు తాకారు.