దిద్దిన పేపరు ఇంటికి చేరేదెప్పుడు?

పరీక్షలు ముగిసిన తరువాత ప్రభుత్వ పాఠశాల నుండి ఇంటికి చేరేది సాధారణంగా ఒక అంకె మాత్రమే. గణితంలో 42, సైన్సులో 51 అని కార్డుపై వ్రాసి ఉంటుంది. క్రింద తండ్రి గాని తల్లి గాని సంతకం చేయవలసిన గీత ఉంటుంది. ఆ 42 ఎట్లా వచ్చింది, మిగిలిన 58 ఎక్కడ పోయాయి అన్నది దిద్దిన జవాబు పత్రంలో ఉంటుంది. ఆ పత్రాన్ని పిల్లవాడు తరగతిలో ఒకసారి చూస్తాడు. చాలా చోట్ల అది మళ్ళీ అయ్యవారి బీరువాలోనికే వెళ్ళిపోతుంది. తల్లిదండ్రులు చూడవలసిన అసలు వస్తువు వారి కంట పడకుండానే విద్యా సంవత్సరం గడిచిపోతుంది.

ఈ లోపం దేశమంతటా ఉన్నదే. అయితే హోసూరు, డెంకణికోట, శూలగిరి, వేపనపల్లి ప్రాంతాలలో దీనికి మరొక పొర ఉన్నది. కార్డు ఇంటికి వచ్చినా, సూచన పత్రం వచ్చినా, అది తమిళంలోనో ఆంగ్లంలోనో ఉంటుంది. తెలుగు తప్ప మరొక లిపి ఎరుగని తల్లి, ఏ లిపీ ఎరుగని తండ్రి దానిమీద సంతకమో వేలిముద్రో వేస్తారు. అందులో ఏమున్నదని పిల్లవాణ్ణే అడగాలి. తన తప్పులను తానే చదివి వినిపించవలసిన పిల్లవాడు ఎంతవరకు చదువుతాడో మనకు తెలియనిది కాదు.

చట్టం చెప్పేది ఏమిటో ముందు చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో ఉపాధ్యాయుల విధులను పేర్కొన్నది. తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశాలు జరపడం, పిల్లల హాజరు, నేర్చుకొనే శక్తి, సాధించిన ప్రగతి, ఇతర అవసరమైన సమాచారం వారికి తెలియజేయడం ఆ విధులలో ఒకటి. ఇది ఉపాధ్యాయుని మంచితనం మీద వదిలిపెట్టిన విషయం కాదు, వేళకు బడికి రావడం ఎట్లాగో అట్లాగే విధి. అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ఏర్పడే పాఠశాల నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. తమిళనాడులో ఈ కమిటీలను 2022లోను, మళ్ళీ 2024లోను పునర్నిర్మించారు. సమావేశాలు జరుగుతున్నాయి, తీర్మానాలు వ్రాస్తున్నారు. మరుగుదొడ్లు, ప్రహరీ గోడ, త్రాగునీరు చర్చకు వస్తాయి. రావలసినవే. పిల్లలు జవాబు పత్రాలలో ఏమి వ్రాస్తున్నారన్నది మాత్రం చర్చకు రావడం అరుదు. పైగా సమావేశం పనిదినం మధ్యాహ్నం పెడితే సిప్‌కాట్ కర్మాగారంలో షిఫ్టుకు వెళ్ళిన తండ్రి, గులాబి తోటలో కూలికి వెళ్ళిన తల్లి ఒక రోజు కూలి వదులుకొని రావాలి.

2012-13లో తమిళనాడు ప్రభుత్వం ఎనిమిదవ తరగతి వరకు మూడు టర్ముల పద్ధతిని, నిరంతర మూల్యాంకనాన్ని ప్రవేశపెట్టింది. తరగతి గదిలోని కృత్యాలకు, చిన్న పరీక్షలకు 40 మార్కులు, టర్ము చివరి పరీక్షకు 60 మార్కులు. పద్ధతి మంచిదే. కాని ఆ 40 మార్కులు ఎందుకు ఎట్లా పడ్డాయో తల్లిదండ్రులకు వివరించకపోతే, ఒకే అంకె వచ్చే చోట రెండు అంకెలు వచ్చాయి, అంతే. ఆ తరువాతి కాలంలో మార్కులు, హాజరు కంప్యూటరు నమోదులోనికి వెళ్ళాయి. బడి నుండి చెన్నైకి సమాచారం క్షణాలలో చేరుతున్నది. బడి నుండి పక్క వీధిలోని ఇంటికి చేరే దారి మాత్రం ఇప్పటికీ పిల్లవాడి పుస్తకాల సంచియే.

సమాచారం అందకపోతే నష్టం ఎంత పెద్దదో మన జిల్లా తెలుగువారికి ఒక చట్టం చరిత్ర చెబుతుంది. 2006లో తమిళనాడు శాసనసభ తమిళ అభ్యసన చట్టాన్ని చేసింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరిస్తూ, 2015-16 నాటికి పదవ తరగతి వరకు తమిళాన్ని మొదటి భాగంగా తప్పనిసరి చేయడం దాని సారాంశం. రెండవ భాగం ఆంగ్లం, మూడవ భాగం గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళం వంటి మాతృభాషలు నాలుగవ భాగంలోనికి, అదీ ఐచ్ఛికంగా, వెళ్ళాయి. పదవ తరగతి మొత్తం 500 మార్కుల లెక్కలో ఆ ఐచ్ఛిక భాష మార్కు చేరేది కాదు. కొన్నేళ్ళపాటు అందులో ఎంత వచ్చినా ఉత్తీర్ణతకు దానితో సంబంధమే లేకపోయింది. ఐచ్ఛిక భాషకు కూడ కనీస మార్కు ఉండాలన్న నిర్ణయం చాలా ఆలస్యంగా వచ్చింది.

చట్టం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. తమిళనాడులో బ్రతికే పిల్లలకు తమిళం రావాలన్న దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. మన పిల్లలు బజారులో, బస్సులో, ఆటస్థలంలో తమిళం మాట్లాడుతూనే ఉన్నారు. ఇక్కడ ప్రశ్న వేరు. 2006లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు పదేళ్ళకు తమిళ పరీక్ష తప్పక వ్రాయవలసి వస్తుందని, అతని తెలుగు మార్కు మొత్తంలో కలవదని, ఆ పిల్లవాని తల్లిదండ్రులకు ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెప్పారు? తెలియజేయడానికి పదేళ్ళ వ్యవధి ఉన్నది. ఆ పదేళ్ళలో వారి చేతికి వచ్చిన కార్డులలో ఈ సంగతి వ్రాసి ఉంటే, తమిళ పాఠం సరిగా జరుగుతున్నదా, దానికి అయ్యవారు ఉన్నారా అని వారే వచ్చి అడిగేవారు. అల్పసంఖ్యాక భాషల పాఠశాలలలో తమిళ బోధకులను తగినంతగా నియమించలేదన్న వాదన తరువాత న్యాయస్థానాల దాకా వెళ్ళింది. 2016 పరీక్షలు దగ్గరపడిన తరువాత కోర్టుల చుట్టూ పరుగులు తీయవలసి వచ్చింది. మద్రాసు హైకోర్టు 2020 నుండి 2022 వరకు పరీక్షలకు మినహాయింపు ఇచ్చింది. తమిళనాడు భాషా అల్పసంఖ్యాకుల వేదిక అభ్యర్థనపై సుప్రీం కోర్టు 2023 ఫిబ్రవరి 6న దానిని ఆ ఒక్క విద్యా సంవత్సరానికి పొడిగించింది. ఫిబ్రవరి అంటే పదవ తరగతి పరీక్షలకు మిగిలినవి కొద్ది వారాలే. ఏ పరీక్ష వ్రాయాలో కూడ చివరి వారాలలో తేలే పరిస్థితిలో చదివిన పిల్లలు వీరు.

ఇక దిద్దిన పత్రం సంగతి. 2011 ఆగస్టు 9న ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో పునాది వంటిది. మూల్యాంకనం జరిగిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం క్రింద ‘సమాచారమే’ అని, పరీక్ష వ్రాసిన వ్యక్తికి దానిని చూచే హక్కు, నకలు పొందే హక్కు ఉన్నాయని ఆ తీర్పు తేల్చింది. అది కేంద్ర మాధ్యమిక విద్యా మండలికి సంబంధించిన కేసు. కాని సూత్రం ప్రభుత్వ సంస్థలన్నిటికి వర్తించేదే. ప్రభుత్వ పాఠశాల కూడ ప్రభుత్వ సంస్థయే. తమిళనాడులో ప్లస్ టూ విద్యార్థులకు జవాబు పత్రం నకలు తీసుకొని, ఆ తరువాత కూడిక సరిచూడమనో పునర్మూల్యాంకనం చేయమనో కోరే పద్ధతి చాలా ఏళ్ళుగా ఉన్నది. పదవ తరగతి పిల్లలకు సుదీర్ఘకాలం కూడిక సరిచూపించుకొనే అవకాశమే దక్కింది. పెద్ద తరగతి వారికి ఇచ్చిన నమ్మకం చిన్న తరగతి వారికి ఎందుకు ఇవ్వలేదన్నదానికి సరైన సమాధానం కనబడదు.

పత్రం చూపడం వలన ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి 2019 నాటి తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలను గుర్తు చేసుకోవాలి. ఆ ఏప్రిల్‌లో ఫలితాలు వెలువడిన వెంటనే తప్పుల మీద తప్పులు బయటపడ్డాయి. మంచిర్యాల జిల్లాలోని ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా అని వచ్చింది. పత్రాన్ని మళ్ళీ చూస్తే అది 99. ఫలితాల తరువాతి రోజులలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. తప్పినవారందరి పత్రాలను రుసుము లేకుండా తిరిగి పరిశీలిస్తామని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. సున్నాను 99 చేసింది కొత్త మూల్యాంకనం కాదు, ఉన్న పత్రాన్ని కళ్ళతో చూడడం. ఆ చూపు ఫలితాల ముందే పడి ఉంటే ఎన్ని ఇళ్ళు నిలిచేవో.

మన ప్రాంతానికి తిరిగి వద్దాం. సమాచార హక్కు ఉన్నది కదా, దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అని తేలికగా అనవచ్చు. చట్టంలోని 6వ సెక్షన్ చదివితే చిక్కు తెలుస్తుంది. దరఖాస్తు ఆంగ్లంలో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. హోసూరులో అధికార భాష తమిళం. కనుక శూలగిరి తెలుగు తండ్రి తన బిడ్డ జవాబు పత్రం కోసం తెలుగులో దరఖాస్తు వ్రాసి ఇస్తే, అది చట్టం పేర్కొన్న భాషలలో లేదని త్రిప్పి పంపే వీలున్నది. మనిషి ఊరు దాటలేదు, ఊరిలో తరతరాలుగా మాట్లాడే భాష మారలేదు, అయినా దరఖాస్తుకు ఆ భాష చెల్లదు. సమాధానానికి చట్టం 30 రోజుల గడువు ఇస్తుంది. పునర్మూల్యాంకనానికి దరఖాస్తు పెట్టే గడువు ఫలితాల తరువాత కొద్ది రోజులే. సమాచారం వచ్చేసరికి దానితో చేయవలసిన పని గడువు దాటిపోతుంది.

అయితే అదే చట్టంలో మనకు అక్కరకు వచ్చే మాటలు కూడ ఉన్నాయి. వ్రాసి ఇవ్వలేనివారు నోటితో చెబితే, దానిని వ్రాతలో పెట్టడానికి అధికారి సహాయం చేయాలని 6వ సెక్షనే అంటున్నది. 4వ సెక్షన్ మరింత ముఖ్యం. ప్రభుత్వ సంస్థలు తమంతట తాము వెల్లడించే సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో పెట్టుకొని ప్రచారం చేయాలని అక్కడ ఉన్నది. గమనించండి: అక్కడ ‘అధికార భాష’ అనలేదు, ‘స్థానిక భాష’ అన్నారు. బాగలూరులో, బేరికెలో స్థానిక భాష ఏదో సంతకు వెళ్ళినవారిని ఎవరిని అడిగినా చెబుతారు. ఇక రాజ్యాంగంలోని 350వ అధికరణ, ఏ వ్యక్తి అయినా తన ఇబ్బందిని తొలగించమని కోరే విజ్ఞాపనను కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకొనే హక్కును ఇస్తున్నది. సమాచార దరఖాస్తుకు తెలుగు చెల్లకపోయినా, ‘మా బిడ్డ పత్రం మాకు చూపండి’ అన్న విజ్ఞాపనకు తెలుగు నిక్షేపంగా చెల్లుతుంది. ఈ తేడా మనలో చాలామందికి తెలియదు.

ఇవి కొత్త కోరికలు కావు. ఒక తరగతిలో 10 మంది గాని, బడిలో 40 మంది గాని ఉంటే ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం అంగీకరించింది. జనాభాలో 15 శాతానికి తగ్గకుండా ఒక అల్పసంఖ్యాక భాష మాట్లాడేవారున్న చోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను ఆ భాషలోనూ ప్రచురించాలన్నది రాష్ట్రాల పునర్విభజన కాలం నుండి అంగీకృతమైన రక్షణలలో ఉన్నది. 2024 జూన్‌లో కృష్ణగిరి లోక్‌సభ సభ్యుడు గోపీనాథ్ ఢిల్లీలో తెలుగులో ప్రమాణ స్వీకారం చేసినప్పుడు మనమంతా సంతోషించాము. పార్లమెంటులో చెల్లిన భాష మార్కుల కార్డులో ఒక మూల చోటు అడిగితే ఎవరికి నష్టం?

ఉపాధ్యాయుల వైపు నుండి వచ్చే అభ్యంతరాలలో బలమైనది ఒకటి ఉన్నది. ఇప్పటికే రికార్డులు, నమోదులు, శిక్షణలు, ఎన్నికల పనులతో సతమతమవుతున్నవారికి ఇది మరొక బరువు. నిజమే. దిద్దిన పత్రాలను ఇంటికి పంపితే ప్రతి అర మార్కుకూ తగవు వస్తుందన్న భయం కూడ ఉన్నది. అయితే తగవు పెట్టుకొనే తల్లిదండ్రులు ఉన్న చోట ఆ బడికి అంతకుమించిన అదృష్టం లేదు. అడిగేవారు లేకనే కదా తెలుగు తరగతులు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి.

మరొక విషయంలో జాగ్రత్త అవసరం. బిడ్డ మార్కు బిడ్డకు, కన్నవారికి తెలియాలి, వీధికి కాదు. మార్కులన్నీ నోటీసు బోర్డుకు అంటించి తప్పినవారి పేర్ల క్రింద ఎర్ర గీత గీయడాన్ని పారదర్శకత అనలేము. తమిళనాడు 2017లో పబ్లిక్ పరీక్షల ర్యాంకుల ప్రకటనను ఆపివేసింది, మంచి పని చేసింది. మన హోసూరులో ఫలితాల కాలంలో వెలిసే ఫ్లెక్సీలను చూస్తే ఆ సంగతి అందరి చెవికీ చేరినట్లు లేదు.

సరిహద్దుకు అవతల, కుప్పం వైపు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలను జరిపింది. 2025 జూలైలో మళ్ళీ జరిపింది. పిల్లల ప్రగతి పత్రాలను తల్లిదండ్రుల చేతికి ఇచ్చారు. పండుగ హడావుడి ఎక్కువైందని విమర్శించవచ్చు. కాని అక్కడి తల్లి తన భాషలో వినింది, తన భాషలో అడిగింది. ఇక్కడి తల్లికి అంత పందిరి అక్కరలేదు. టర్ముకొకసారి, ఆదివారమో, సాయంత్రం షిఫ్టు ముగిసిన తరువాతో, దిద్దిన పత్రాలను బల్లమీద పెట్టి, తెలుగు చెప్పే అయ్యవారు ఒక్కరు పక్కన కూర్చుంటే చాలు. పాఠశాల నిర్వహణ కమిటీ తీర్మానం చేస్తే దీనికి చెన్నై ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు.

అడిగేవారు త్వరపడడం మంచిది. 2011 తీర్పు ఇచ్చిన హక్కు, పత్రం కార్యాలయంలో భద్రంగా ఉన్నంత కాలమే పనిచేస్తుంది. భద్రపరచే గడువు ముగిసి పత్రాలు తూకానికి వెళ్ళిపోయిన తరువాత చూపమని అడిగితే, చూపడానికి ఏమీ ఉండదు. ఈ టర్ము పత్రాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.