తాటిపండు రాలితే కాకిదే తప్పా?

బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత గర్భనిరోధక సాధనాన్ని ఎన్నుకొనే స్త్రీలు తెలుసుకోవలసిన సంగతులు

ఆమె పేరు ఏదైనా కావచ్చు. వయస్సు 29. పెళ్ళినాటికి 80 కిలోలున్న బరువు అయిదేళ్ళలో 104కు చేరింది. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వచ్చేది. సంతానం కలుగలేదు. రక్తంలో చక్కెర పెరిగింది. చివరకు గ్యాస్ట్రిక్ బైపాస్ అనే శస్త్రచికిత్స చేయించుకొన్నది. ఏడాది తిరిగేసరికి 70 కిలోలకు దిగింది. నెలసరి కూడా క్రమంలో పడింది. "కనీసం ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోండి" అని వైద్యుడు చెప్పిన మాట గుర్తుంచుకొని, మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని వాడసాగింది.

పదిహేనవ నెలలో తూకపు యంత్రం మూడు కిలోలు ఎక్కువ చూపించింది. "ఆ మాత్రల వల్లనే మళ్ళీ ఒళ్ళు వస్తున్నదమ్మాయ్. ముందు అవి మానెయ్యి" అన్నారు అత్తగారు. ఆ రాత్రే ఆమె మాత్రలు ఆపివేసింది. మరే జాగ్రత్తా తీసుకోలేదు. ఇన్నేళ్ళూ ఏ జాగ్రత్తా లేకుండానే గర్భం రాలేదు కదా!

ఈమె ఊహాచిత్రమే. కాని ఈ తర్కం మాత్రం ఎన్నో ఇళ్ళలో వినబడేదే. మాత్రలపై మోపిన నేరం అవి చేసినది కాదు. వాటిని శంకించడానికి నిజమైన కారణం వేరొకటి ఉన్నది. అది ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

అండాశయం మేల్కొనే వేళ

కొవ్వు ఒంటిపై మోస్తున్న నిర్జీవమైన మూట కాదు. శరీరంలోని హార్మోనుల వ్యవహారమంతటిలోనూ దానికి చేయి ఉన్నది. ఊబకాయం ముదిరినప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ లోటు పూడ్చడానికి శరీరం మరింత ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాలచేత పురుష హార్మోనులను ఎక్కువగా ఉత్పత్తి చేయిస్తుంది. నెలనెలా విడుదల కావలసిన అండం విడుదల కాదు. పి.సి.ఓ.ఎస్. అనే స్థితిలో ముఖ్యంగా జరిగేది ఇదే.

బరువు తగ్గడంతో ఈ చిక్కుముడి సడలుతుంది. ఇంకా తగ్గుతూ ఉండగానే, కొద్ది నెలలలోనే అనేకమంది స్త్రీలకు అండం విడుదల మొదలవుతుంది. అందుచేత "నాకు పిల్లలు పుట్టరు" అన్న పాత నమ్మకాన్ని గర్భనిరోధక సాధనంగా వాడుకోవడం ప్రమాదకరం.

శస్త్రచికిత్స తరువాత 12 నుండి 24 నెలల వరకు గర్భం ధరించకుండా ఉండడం మేలని అమెరికా ప్రసూతి వైద్య నిపుణుల సంఘం సూచించింది. ఆ కాలంలో శరీరం వేగంగా కరుగుతూ ఉంటుంది. తినగలిగేది కొద్దిపాటి ఆహారం. బైపాస్ అయినవారిలో ఇనుము, కాల్షియం, బి12, ఫోలిక్ ఆమ్లం వంటివి ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది. తల్లికే చాలని దానిలో బిడ్డ వాటా ఎక్కడినుండి వస్తుంది?

స్వీడన్ దేశపు ప్రసవాల వివరాలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనం రెండు విషయాలనూ చూపించింది. ఈ శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీలలో గర్భకాలపు మధుమేహం తగ్గింది. అదే సమయంలో, ఉండవలసినదానికన్న చిన్నగా పుట్టే శిశువుల సంఖ్య పెరిగింది. అనగా ఈ శస్త్రచికిత్స మాతృత్వానికి శత్రువేమీ కాదు. తగిన వేళ కోసం ఆగడం, ఆ తరువాత వైద్యుల పర్యవేక్షణలో ఉండడం ముఖ్యం.

పోయిన బరువు ఎందుకు తిరిగి వస్తుంది?

స్వీడన్‌లోనే 1987లో ఆరంభమైన మరొక సుప్రసిద్ధ పరిశోధనలో, బైపాస్ చేయించుకొన్నవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున తమ బరువులో 32 శాతం కోల్పోయారు. పదేళ్ళు గడిచేసరికి ఆ తగ్గుదల 25 శాతం వద్ద నిలిచింది. వంద కిలోల మనిషి 68కి దిగి, మెల్లగా 75కు చేరినట్లన్నమాట. ఇది ఆ మనిషి చేతకానితనం కాదు. శరీరం తాను పోగొట్టుకొన్నదానిని తిరిగి సంపాదించుకోవాలనే చూస్తుంది. చిక్కిన దేహం మునుపటికన్న తక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. అణగిన ఆకలి మళ్ళీ తల ఎత్తుతుంది. ఒకప్పుడు నాలుగు ముద్దలకే నిండిన పొట్ట ఏడెనిమిది ముద్దలకు చోటు ఇస్తుంది. ఐస్‌క్రీము, చక్కెర పానీయాలు, మెత్తని మిఠాయిలు పొట్టను నింపకుండానే జారిపోతాయి. కండ కరిగినవారు వ్యాయామం మానితే బరువు మరింత సులభంగా పెరుగుతుంది.

అనేకమందిలో బరువు అడుగుకు చేరి తిరిగి పెరగడం మొదలయ్యేది రెండవ సంవత్సరంలోనో, ఆ తరువాతనో. గర్భనిరోధక సాధనాలు వాడే కాలమూ ఇంచుమించు అదే. కాకి వాలింది, తాటిపండు పడింది. మన పెద్దలు కాకతాళీయమన్నది దీనినే.

మాత్రలవల్ల ఒళ్ళు వస్తుందన్న అపవాదు పాతది. ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చేసిన పరీక్షలను 2014లో కాక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు, మిశ్రమ హార్మోను మాత్రలు బరువును పెంచుతాయనడానికి ఆధారం కనబడలేదు. ఈ విషయంలో నిజంగా జాగ్రత్తపడవలసినది మూడు నెలలకొకసారి ఇచ్చే డి.ఎం.పి.ఏ. ఇంజెక్షను విషయంలో. మన ప్రభుత్వ ఆసుపత్రులలో 'అంతర' పేరిట ఉచితంగా ఇచ్చేది ఇదే. గర్భాన్ని అది సమర్థంగానే నిరోధిస్తుంది. కాని కొందరిలో బరువు పెరుగుతుంది. ఎముకల సాంద్రత కొంత తగ్గుతుంది. కాల్షియం, విటమిన్ డి కొరతకు అవకాశమున్న బైపాస్ స్త్రీలు దీనిని గూర్చి వైద్యులతో వివరంగా మాట్లాడవలసి ఉన్నది. పైగా, మానివేసిన తరువాత గర్భం రావడానికి చాలా నెలలు పట్టవచ్చు.

మాత్రను శంకించవలసినది ఎక్కడ?

మింగిన మాత్ర పనిచేయాలంటే పేగులనుండి రక్తంలోకి చేరాలి. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా దాటిపోతుంది. ఆహారానికి తప్పిన దారి మాత్రకూ తప్పుతుంది. అందుకనే ఇటువంటి శస్త్రచికిత్స అయినవారికి నోటిద్వారా తీసుకొనే హార్మోను మాత్రలను అమెరికా సి.డి.సి. మార్గదర్శకాలు సాధారణంగా సిఫారసు చేయవు. పొట్ట పరిమాణాన్ని మాత్రమే తగ్గించే స్లీవ్ వంటి పద్ధతులలో ఆ అభ్యంతరం లేదు. ఐతే మాత్ర మింగిన కొద్దిసేపటికే వాంతి అయితే, ఏ పద్ధతిలోనైనా అది వేసుకోనట్లే.

పెరిగిన బరువును దించడానికి ఇప్పుడు కొందరు ఇంజెక్షన్లను ఆశ్రయిస్తున్నారు. వాటిలో టిర్జెపటైడ్ 2025లో మన దేశంలో విడుదలైంది. అది కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని మందగింపజేసి గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించవచ్చు. కనుక ఆ మందు ఆరంభించిన 4 వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు నిరోధ్ వంటి తోడు సాధనం ఉండాలి. గర్భవతులు ఆ మందును వాడరాదు.

పొట్టతో పనిలేని దారులు

కాపర్-టి గర్భాశయంలోనే ఉండి పనిచేస్తుంది. దానిలో హార్మోను లేదు. 380ఎ రకం పదేళ్ళు పనిచేస్తుంది. వద్దనుకొన్నప్పుడు తీసివేయించుకోవచ్చు. ఐతే దానివల్ల కొందరికి ఋతుస్రావం అధికమవుతుంది. బైపాస్ తరువాత రక్తహీనతకు అసలే అవకాశం ఎక్కువ కనుక, అటువంటివారికి స్రావాన్ని తగ్గించే హార్మోను ఐ.యు.డి. మరింత మేలు చేయవచ్చు. చేతి చర్మం క్రింద అమర్చే ఇంప్లాంటు కూడా పేగులతో నిమిత్తం లేనిదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 సంవత్సరాల స్త్రీలలో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం అధిక బరువుతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఇది 24 శాతం. ఈ రెండు రాష్ట్రాలలోనూ కుటుంబ నియంత్రణ అంటే ఎక్కువమందికి తెలిసినది ట్యూబెక్టమీయే. కాన్పుల తరువాత ఆపరేషను చేయించుకొన్న అత్తగారికి, కొంతకాలమే ఆగదలచిన కోడలి సమస్య కొత్తది. తెలియనిచోట అనుమానమే సలహాదారు అవుతుంది. ఇక సంతానం చాలుననుకొన్న దంపతులకు భర్త చేయించుకొనే వేసెక్టమీ ఉండనే ఉన్నది. భార్య పొట్టకు ఏ శస్త్రచికిత్స జరిగినా దానికి సంబంధం లేదు.

ఆ యువతి ఏమి చేసి ఉండవలసింది? మూడు కిలోలు పెరిగిన రోజున ఆమెకు రెండు ప్రశ్నలు ఉన్నవి. బరువు ఎందుకు పెరిగింది? దీనికి ఆహార నిపుణురాలి వద్ద జవాబు దొరుకుతుంది. ఈ గర్భనిరోధక సాధనం నాకు తగినదేనా? దీనికి స్త్రీవైద్యురాలి వద్ద జవాబు దొరుకుతుంది. తనకు జరిగినది బైపాసా, స్లీవా అన్న సంగతి ఆ వైద్యురాలికి తప్పక చెప్పాలి. సాధనం మార్చవలసివస్తే, కొత్తది అమరిన తరువాతనే పాతదానిని విడవాలి. బిడ్డ కావాలనుకొన్ననాడు రక్తపరీక్షలు చేయించుకొని, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టి, అప్పుడు మానివేయాలి.

పెరిగిన మూడు కిలోలను మళ్ళీ దించుకోవచ్చు. అనుకోని వేళ వచ్చిన గర్భాన్ని వెనుకకు పంపి, మంచి వేళకు పిలుచుకోవడం మాత్రం ఎవరికీ సాధ్యం కాదు.