బోర్డు మీద మూడక్షరాలు

డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లు తోచక చేసే మొదటి పని, తలుపు మీది బోర్డు చదవడం. ఎంబీబీఎస్ పక్కన ఎండీ అనో, ఎంఎస్ అనో ఉంటే మనసు కుదుటపడుతుంది. అదే డీఎన్‌బీ అని ఉంటే? ‘ఇదేం చదువు? ఈయన పెద్ద డాక్టరేనా?’ అని పక్కవాళ్ల చెవిలో అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ అనుమానం తీరాలంటే అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో బత్తలపల్లి దగ్గర ఆగాలి. చుట్టూ ఎర్రనేలలు, వేరుశనగ చేలు. ఏడాదంతా కలిపి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు... అదీ కురిస్తే! వాన కోసం ఎదురుచూసినట్టే ఇక్కడి జనం ఒకప్పుడు స్పెషలిస్టు డాక్టర్ల కోసమూ ఎదురుచూశారు. కాన్పు కష్టమైనా, పసిబిడ్డకు ఊపిరాడకపోయినా బెంగళూరుకో, కర్నూలుకో పరుగెత్తాల్సిందే. అనంతపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిందే 2000లో.

అదే ఏడాది బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి మొదలైంది. స్పెయిన్ నుంచి వచ్చి 1969లో అనంతపురం చేరిన ఫాదర్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ అది. ఆయన 2009లో కన్నుమూశారు. 2022లో జిల్లా విడిపోయి బత్తలపల్లి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఈ ఆస్పత్రి మెడికల్ కాలేజీ కాదు. అయినా ఇక్కడ పనిచేస్తూనే చదివి స్పెషలిస్టులైన డాక్టర్లున్నారు. అదెలా సాధ్యం? జవాబు ఆ మూడక్షరాల్లోనే ఉంది.

కాలేజీ లేని పీజీ

మెడికల్ కాలేజీల్లో పీజీ సీట్లు తక్కువ. మరోపక్క మంచి డాక్టర్లు, బోలెడంతమంది రోగులు ఉన్న ఆస్పత్రులకు లోటు లేదు. అలాంటిచోట శిక్షణ ఇప్పించి, దేశమంతటికీ ఒకే పరీక్ష పెడితే సరిపోదా? ఈ ఆలోచనతోనే 1975లో జాతీయ పరీక్షల బోర్డు ఏర్పడింది. 1982లో స్వతంత్ర సంస్థ అయింది. ఈ బోర్డు ఇచ్చే పట్టానే డీఎన్‌బీ. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు చదవాలి. థీసిస్ రాయాలి. థియరీ గట్టెక్కితేనే ప్రాక్టికల్స్.

బోర్డు గుర్తింపు ఆస్పత్రి మొత్తానికి ఒకేసారి రాదు. కాన్పుల విభాగానికి వేరుగా, పిల్లల విభాగానికి వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. పాఠం చెప్పగల సీనియర్ డాక్టర్లు ఎందరు? నేర్చుకోవడానికి చాలినన్ని కేసులు వస్తున్నాయా? ల్యాబ్, లైబ్రరీ ఉన్నాయా? అన్నీ తనిఖీ చేశాకే అనుమతి. అదీ కొన్నేళ్లకే. గడువు తీరితే మళ్లీ మొదటికే!

ఇక్కడే ఉంది కిటుకు. పల్లె ఆస్పత్రిలో పాఠం చెప్పే ఒకరిద్దరు సీనియర్లు ఉద్యోగం మానేసి నగరానికి వెళ్లిపోతే ఆ విభాగం గుర్తింపే ప్రమాదంలో పడుతుంది. కొత్త విద్యార్థులు రారు. నష్టం విద్యార్థులకేనా? అర్ధరాత్రి నొప్పులతో వచ్చిన గర్భిణిని మొదట చూసేది డ్యూటీలో ఉన్న ఆ పీజీ డాక్టరే. వాళ్లు లేకపోతే వార్డులో రాత్రి కాపలా పోయినట్టే. సీటు అంటే ఒక విద్యార్థికి చదువు మాత్రమే కాదు, చుట్టుపక్కల పల్లెలకు భరోసా కూడా.

తక్కువేం కాదు

మరి డీఎన్‌బీ ఎండీ కన్నా తక్కువా? రోగికి వైద్యం చేసే విషయంలో కానే కాదు. పేచీ అంతా మెడికల్ కాలేజీల్లో పాఠం చెప్పే ఉద్యోగాల దగ్గరే. ఏళ్లకేళ్లు నలిగిన ఆ తగవుకు 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఓ దారి చూపింది. 500, అంతకన్నా ఎక్కువ పడకలున్న ఆస్పత్రిలో చదివిన డీఎన్‌బీ అన్ని విధాలా ఎండీ, ఎంఎస్‌లకు సమానం. అంతకన్నా చిన్న ఆస్పత్రిలో చదివితే, బోధన కోసం మాత్రం మెడికల్ కాలేజీలో ఇంకో ఏడాది సీనియర్ రెసిడెంటుగా పనిచేయాలి. అంటే పల్లె ఆస్పత్రిని ఎంచుకున్న కుర్ర డాక్టరు పాఠాలు చెప్పాలనుకుంటే మరో ఏడాది ఆగాల్సిందే.

2020లో బోర్డు రెండేళ్ల డిప్లొమాలనూ తెచ్చింది. మత్తువైద్యం, ప్రసూతి, పిల్లల వైద్యం లాంటి ఎనిమిది విభాగాల్లో. జిల్లా ఆస్పత్రుల్లాంటి చోట్ల డాక్టర్ల కొరత తీర్చాలన్నది ఉద్దేశం. అక్కడా అదే షరతు... నేర్పేవాళ్లు నిలబడాలి.

ఈసారి డాక్టరు గది బయట కూర్చున్నప్పుడు బోర్డు మీద డీఎన్‌బీ కనిపిస్తే బెంగ పడొద్దు. ఏ విభాగంలో డీఎన్‌బీ అన్నది మాత్రం తప్పకుండా చదవండి. పిల్లల వైద్యంలో పట్టా ఉన్నవారి దగ్గరికి మోకాళ్ల నొప్పులతో వెళ్లి లాభం లేదు కదా!