ఆడినవాణ్ణి కాదు, ఆడించేవాణ్ణి పట్టండి

ఆన్‌లైన్ జూదం మన జిల్లాకు దూరపు వార్త కాదు. 2024 అక్టోబరులో, బోధన్‌కు ఆనుకుని ఉన్న ఎడపల్లి మండలంలో ఒకే ఇంటికి చెందిన తల్లి, తండ్రి, కుమారుడు ప్రాణాలు తీసుకున్నారు. కుమారుడు ఆన్‌లైన్ ఆటలకు అలవాటుపడి చేసిన అప్పులే కారణమని నాడు పత్రికలు రాశాయి. జూదపు అప్పు ఇంటి మతం చూడదు. మన వీధులకు అది రాలేదనుకోవడం ఆత్మవంచనే అవుతుంది.

తెలంగాణలో దీనిపై చట్టం లేక కాదు. పందేలు, జూదాలను రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో ఉంచింది. 1968లో నాటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా పేర్కొన్నది. తరువాతి కాలంలో రమ్మీ యాప్‌లు ఆ తీర్పు నీడలోనే పెరిగాయి. 2017లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. ఇంటర్నెట్‌ను సైతం జూదగృహం నిర్వచనంలోకి తెచ్చి, డబ్బు ఒడ్డి ఆడే ఆటకు నైపుణ్యం పేరిట ఉన్న మినహాయింపును తొలగించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే బాట పట్టింది.

అయితే రాష్ట్ర చట్టానికి రాష్ట్ర సరిహద్దే హద్దు. సాలూర వద్ద మంజీరా దాటితే మహారాష్ట్ర. ఫోను ఎక్కడ ఉన్నదో చూసి యాప్‌లు ఆటకు అనుమతించేవి. నది దాటడం ఒక మార్గం కాగా, ఇంట్లోనే కూర్చుని ఫోనులో తప్పుడు లొకేషన్ చూపడం మరో మార్గం. ఈ కంతను పూడ్చేందుకే 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి దానికి సమ్మతి తెలిపారు. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. సొమ్ముతో కొన్న నాణేలు, టోకెన్లు కూడా పందెం కిందికే వస్తాయి. ఈ మాట ముఖ్యమైనది. అమెరికాలో కొన్ని సంస్థలు "మేము ఆడించేది ఉచిత నాణేలతోనే" అంటూ, ఆ నాణేల్లో ఒక రకాన్ని తిరిగి నగదుగా మార్చి ఇచ్చేవి. మోంటానా, కనెక్టికట్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2025లోనే వాటిపై నిషేధ చట్టాలు తెచ్చాయి. పేరు ఏదైనా జూదం జూదమే.

ఇక మేము ప్రభుత్వం ముందు ఉంచదలచిన అసలు మాట. కేంద్ర చట్టం ఆడినవారికి శిక్ష విధించలేదు. వారిని బాధితులుగా చూసింది. మన రాష్ట్ర చట్టంలో మాత్రం ఆడినవాడు నేటికీ నేరస్థుడే. దీని ఫలితం ఏమిటి? కొడుకు చిక్కుకున్నాడని తెలిసిన తల్లి పోలీసు స్టేషను మెట్లు ఎక్కడానికి భయపడుతుంది. ఫిర్యాదు చేస్తే బిడ్డపైనే కేసు అవుతుందేమోనన్నది ఆమె బెంగ. ఆ భయమే అప్పు యాప్‌ల వారికి, ఏజెంట్లకు పెట్టుబడి.

ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దానితో బోధన్ యువకుడికి ఊళ్లోనే దొరికే నికరమైన కొలువు పోయింది. తల్లి బీడీలు చుట్టిన కూలి, తండ్రి గల్ఫ్ నుంచి పంపిన సొమ్ము ఇంటికి ఆధారం. ఆ సొమ్ము ఫోను తెర మీద ఒక్క రాత్రిలో కరిగిపోతున్నప్పుడు, ఆ ఇంటికి కావలసినది లాఠీ కాదు, రక్షణ.

కనుక ఆడినవారిని శిక్షించే నిబంధనను రాష్ట్ర శాసనసభ సవరించాలని మేము కోరుతున్నాము. అంతవరకు, ఫిర్యాదుతో వచ్చిన బాధితునిపై కేసు పెట్టరాదని పోలీసు శాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. 2025 మార్చిలో ప్రభుత్వం ప్రకటించిన ప్రత్యేక దర్యాప్తు బృందం దృష్టి ప్రచారకర్తల వద్దనే ఆగక, జిల్లాల్లోని ఏజెంట్ల వరకు, సొమ్ము చేతులు మారే ఖాతాల వరకు సాగాలి. యువకులకు ఒక హెచ్చరిక: నాలుగు వేలకు ఆశపడి బ్యాంకు ఖాతాను, సిమ్ కార్డును ఇతరులకు అప్పగించినవాడు బాధితుడిగా మిగలడు, ముద్దాయి అవుతాడు.

ప్రభుత్వాన్ని అడిగే హక్కుతో పాటు మనకు బాధ్యత కూడా ఉంది. దివ్య ఖుర్ఆన్ మద్యంతో పాటు జూదాన్ని నిషేధించింది. అదే ఖుర్ఆన్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకున్నవారిని చేర్చింది. మొదటిది చెప్పి రెండవది మరచిన ఖుత్బా సగం ఖుత్బాయే. తౌబా చేసి ఆట మానినవాడి అప్పు విషయంలో మస్జిద్ కమిటీలు, బైతుల్ మాల్ నిర్వాహకులు ఉలమాలను సంప్రదించి తోవ చూపాలి. వాడి పేరు వీధిలో నానకుండా చూడాలి. పరువు పోతుందని దాచిన అప్పు చివరకు ప్రాణాలనే అడుగుతున్నది.

మోసపోయిన సొమ్ముకు సైబర్ నేరాల నంబరు 1930, మనసు కుంగినప్పుడు టెలి మానస్ 14416. ఈ రెండు నంబర్లను ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద రాయించండి. అందుకు ఏ చట్ట సవరణా అక్కరలేదు. వచ్చే జుమాకే ఆ పని పూర్తి చేయవచ్చు.